తన వంతు వదులుకున్నవాడు

ఖామ్‌సోన్ ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ఆ సంగతి ఊళ్ళో పాలుతాగే పిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు. అలాంటివాడు ఏటేటా తన వంతుని పక్కింటివాళ్ళకి వదిలేస్తున్నాడంటే జనం ముక్కున వేలేసుకోక ఏం చేస్తారు? మొదటి ఏడు వేలేసుకున్నారు. రెండో ఏడు దండం పెట్టారు. మూడో ఏడు గుళ్ళో భిక్షువు కూడా బోధ మధ్యలో అతని పేరెత్తాడు. అంత పుణ్యం అంత చవగ్గా ఇంకెవరికీ దొరికి ఉండదు.

వంతంటే పొలం శుభ్రం చేయించుకునే వంతు. ఈ కొండల్లో పొలం శుభ్రం చెయ్యడమంటే కలుపు తియ్యడం కాదు. తాతల నాడు విమానాలు కుమ్మరించి పోయిన బాంబుల్లో పేలనివి ఇంకా మట్టిలోనే ఉన్నాయి. చేతిలో ఇమిడే ఇనప బంతులు, బొంబీలంటారు వాటిని. పారకి తగిలిందా, మనిషి ఉండడు. ఆ బంతులతో పాటే, అప్పట్లో రాత్రిళ్ళు వెలుగు కోసం పైనుంచి జారవిడిచిన దీపాల గొట్టాలు కూడా పూడిపోయి ఉన్నాయి. అవి తెల్ల లోహం. తేలిగ్గా ఉంటాయి, కట్టెల పొయ్యి మీదే కరుగుతాయి. ఊరివాళ్ళు వాటిని ఏరుకుని, కరిగించి, బూడిద నింపిన చెక్క అచ్చుల్లో చెంచాలు పోసుకుని సంతలో అమ్ముకునేవాళ్ళు.

తరవాత రాజధాని వియెంటియాన్ నుంచి ఒక కంపెనీ వచ్చింది. చెంచాలెవడికి కావాలి, కడియాలు పొయ్యండి అంది. బాంబు లోహంతో పోసిన శాంతి కడియం అని పేరు పెట్టింది. దూరదేశాలవాళ్ళు ఎగబడి కొన్నారు. ప్రతి కడియానికీ ఒక చీటీ కట్టి పంపేవాళ్ళు: మీరు కొన్న ఈ కడియం మంచమంత నేలని శుభ్రం చేసింది, అని. అబద్ధమేం కాదు. లాభంలో ఒక వాటా తీసి, కంపెనీ ఏటా ఎండాకాలంలో ఒక ముఠాని పంపేది. వాళ్ళు ఒక ఇంటి పొలాన్ని అంగుళం వదలకుండా గాలించి, దొరికిన ఇనుమూ లోహమూ అంతా ఒకచోట చేర్చి పేల్చేసి, గట్ల మీద తెల్ల కర్రలు పాతి వెళ్ళేవాళ్ళు. తెల్ల కర్రలు పడ్డ పొలంలో మరుసటేడు వరి పండేది. పిల్లలు గట్ల మీద పరిగెత్తేవాళ్ళు. కంపెనీ బాగుపడింది, ఊరు బాగుపడింది, వంక పెట్టడానికేం లేదు.

చిక్కల్లా ఒక్కటే. తెల్ల కర్రలు పడ్డాక ఆ పొలంలో ఇక లోహం ఉండదు. కంపెనీవాళ్ళేమో ఈ ఊరి మట్టిలో దొరికిన లోహమే కావాలంటారు, అదీ షరతు.

ఖామ్‌సోన్‌ది ఊరి మొదటి ఇల్లు. వంతు అక్కణ్ణుంచే మొదలవ్వాలి. అతని పొలం వాగవతల, కొండ వాలులో ఉంది. దాని కింద దీపాల గొట్టాలు తవ్వినకొద్దీ ఉన్నాయని అతనొక్కడికే తెలుసు, కనీసం తనొక్కడికే తెలుసని అతననుకున్నాడు. ముఠా వచ్చిన మొదటి ఏడు చేతులు కట్టుకుని నిలబడి, "నాదేముంది బాబూ, సొంచిత్ వదిన మొగుడు పోయిన మనిషి, ముందు ఆవిడది కానివ్వండి," అన్నాడు. మరుసటేడు ఆ పక్కింటివాడిది కానివ్వండన్నాడు. ఇట్లా ఒక్కో పొలంలోనూ తెల్ల కర్రలు పడుతుంటే, ఒక్కో ఇంట్లోనూ కడియాల పొయ్యి ఆరిపోతూ వచ్చింది. ఊళ్ళో సాగుతున్న పెద్ద పొయ్యి ఖామ్‌సోన్‌దే అయింది. ఇంటికి రేకుల కప్పు వచ్చింది, వాకిట్లో మోటారుసైకిలు వచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, ఇతను అంతకన్నా ఘనుడు. దానమూ చేశాడు, సొమ్మూ ఉంచుకున్నాడు.

గొట్టాలకి అడ్డొచ్చే బొంబీల్ని ఎట్లా ఎత్తాలో తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. గడ్డి పరిచిన బుట్టలో పెట్టి, పురిటిబిడ్డని మోసినట్టు మోసుకొచ్చి, తను నడిచే కాలిదారి పక్కనే ఒక గోతిలో పేర్చేవాడు. పైన మట్టి, మట్టి మీద ఆకులు. ఎప్పుడో ఒకప్పుడు ముఠాకి చూపిద్దాంలే అనుకున్నాడు. ఆ ఎప్పుడో ఒకప్పుడు రాకుండా ఏటా తనే అడ్డం పడ్డాడు.

అతని పెళ్ళాం ఫైవాన్‌కి ఇవేవీ తెలీవు. ఆమె బాధ వేరే. సొంత గాదెలో వడ్లు లేక, సంతలో బియ్యం కొనుక్కొచ్చి ఆవిరి మీద అన్నం వండుకునే ఆడదంటే ఊళ్ళో ఎంత చులకనో ఆమెకే తెలుసు. కాలవ దగ్గర మిగతా ఆడవాళ్ళు ఈ ఏడు గింజ మెత్తగా పడిందనో గట్టిగా పడిందనో చెప్పుకుంటుంటే, ఈమె మూట సర్దుకుని ముందే వచ్చేసేది.

"సొంచిత్ వదినకిచ్చావు, సరే, దిక్కులేని మనిషి. దున్నపోతుల్లాంటి ముగ్గురు కొడుకులున్నవాడికి ఎందుకిచ్చావయ్యా?" అని ఓ రోజు అన్నం బుట్ట ముందు పెట్టి నిలదీసింది.

"పుణ్యం ఊరికే పోదే."

"ఆవిరి మీద పెడితే అన్నమవుతుందా నీ పుణ్యం?"

"సంతలో బియ్యానికేం కరువు? తెస్తున్నాను కదా."

"సంత బియ్యం తినేవాళ్ళం మనమూ, ఊళ్ళోకి కొత్తగా దిగిన పంతులుగారూ. అంతే. పోనీ నువ్వు తిరిగే దారి వెంట రెండు మళ్ళు నాటుకుంటాను, అదైనా ఒప్పుకో."

"పొలంలో అడుగు పెట్టావంటే కాళ్ళు విరగ్గొడతాను."

ఆ మాటని ఫైవాన్ ప్రేమ కింద లెక్కేసుకుంది. ప్రేమ బొత్తిగా లేదంటే అబద్ధమాడినట్టే. ఉంది. రేకుల కప్పు తరవాత, మోటారుసైకిలు తరవాత, దాని చోటు దానికుంది.

నాలుగో ఏడు ఎండలు ముదరకముందే సిసావత్ వచ్చాడు. కంపెనీ తరఫున ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూసుకునే కుర్రాడు, వియెంటియాన్‌వాడు, బూట్లకి మట్టి అంటితే అక్కడే నిలబడి తుడుచుకునే రకం. మనిషి చెడ్డవాడు కాదు. అందరికీ మంచి జరగాలనే ఉంటుంది అతనికి, ఎక్కడ మంచి జరిగినా ఫోన్‌లో ఫొటో తీసుకోవాలనీ ఉంటుంది.

"మావా, మీ కథ మా కాగితాల్లో వేశాం. తన వంతు వదులుకున్నవాడు అని పేరు పెట్టాం. చదివి ఆ దూరదేశాల్లో ఆడవాళ్ళు ఏడ్చారట. వచ్చే వారం కొందరు మిమ్మల్ని చూడ్డానికే వస్తున్నారు," అన్నాడు. "అసలు సంగతి చెప్పనా? ఈసారి వంతుల్లేవు, గింతుల్లేవు. వాళ్ళ కళ్ళముందే మీ పొలం మొదలుపెడుతున్నాం. మొత్తం పొలం."

ఖామ్‌సోన్ మళ్ళీ చేతులు కట్టుకున్నాడు. "నాదేముంది బాబూ, ఆ కింది వీధిలో ముసలాళ్ళు..." అని ఎత్తుకున్నాడు.

"ఇదిగో. ఇదే. ఇంకోసారి అనండి మావా," అంటూ సిసావత్ ఫోన్ తీశాడు. ఖామ్‌సోన్ ఇంకోసారి అనాల్సొచ్చింది. ఈసారి బాగా వచ్చిందని మెచ్చుకుని, పొలం సంగతి మాత్రం మారదని చెప్పి, కుర్రాడు వెళ్ళిపోయాడు.

ఫైవాన్ ఆనందం చూడాలి. ఇల్లంతా కడిగింది. మేలు జరగాలని మొగుడి రెండు మణికట్లకీ తెల్ల దారాలు కట్టి, "నీ మీద నోరు పారేసుకున్నాను, మనసులో పెట్టుకోకు. పుణ్యం ఊరికే పోదన్నావు, నేనే నమ్మలేదు," అని కళ్ళు తుడుచుకుంది. విత్తనాలకి ఎవరి వడ్లు మంచివో వాకబు చేసింది. గాదె అడుగున గబ్బిలాల రెట్ట గీకి, కొత్త పేడ అలికింది. ఖామ్‌సోన్ ఆ అలికిన గాదె వైపు చూడకుండా రోజూ పొద్దున్నే గునపం తీసుకుని పొలానికి పోయేవాడు. కర్రలు పడేలోపల ఎంత లాక్కుంటే అంత. ఆ వారంలో అతను తవ్వినంత మూడేళ్ళలో తవ్వలేదు. గొట్టాలు ఇంటికి చేరాయి. బొంబీలు గోతిలోకి చేరాయి. గొయ్యి నిండితే అంచులు పెంచి, పైన తొక్కకుండా అరచేత్తో మట్టి సర్ది, చదును చేశాడు.

అతిథులు రేపొస్తారనగా, పొద్దుటే ఫైవాన్ కోడిపెట్టని చంకన పెట్టుకుని పొయ్యి దగ్గరకొచ్చింది. ఖామ్‌సోన్ అచ్చుల్లో కడియాలు పోస్తున్నాడు. వచ్చేవాళ్ళు ఊరికే చూసి పోరు, కొంటారు. తట్ట నిండా ఉండాలి.

"రేపు పరాయివాళ్ళు వచ్చి నేలలో ఇనుము దించుతారు. పొలం దేవరకి ఇవాళే చెప్పుకోవాలి కదా," అంది. పొలం దేవరకి ఇంటి దగ్గర వండింది పనికిరాదు. ఆయన నేల మీదే పొయ్యి పెట్టి, కోడి ఉడుకుతున్న ఆవిరి ఆయనకి తగలాలి. ఈ ఊళ్ళో ఎవరు కొత్తగా నాగలి పెట్టినా అంతే, తాతలనాటి ఆచారం. "పొలంలో అడుగు పెట్టొద్దన్నావు, పెట్టను. మరి పొయ్యి ఎక్కడ పెట్టుకోను?"

"నా దారి దాటకు," అన్నాడు ఖామ్‌సోన్ గరిట మీంచి చూపు తిప్పకుండా. లోహం పోస్తూ మధ్యలో ఆగితే కడియం అతుకు పడుతుంది.

"దారిని ఆనుకుని ఒకచోట చదునుగా, ఆకులు పరుచుకుని ఉందిగా. నిన్న వాగు ఒడ్డు నుంచి చూశాను. అక్కడ పెట్టుకుంటాను, నువ్వు నడిచిన చోటే."

"ఊఁ."

అచ్చులో లోహం పోస్తున్నప్పుడు ఎవరేమడిగినా అతను ఊఁ అనే అంటాడు. ఫైవాన్ కోడినీ, కుండనీ, కట్టెలనీ, రెండు కొవ్వొత్తులనీ బుట్టలో సర్దుకుని వాగు దాటింది. అతను ఆ అచ్చు ముగించి ఇంకొకటి ఎత్తాడు. దాని తరవాతది కూడా ఎత్తాడు. ఆమె అడిగిందేమిటో అప్పుడు చెవికెక్కింది. గరిట అక్కడే పారేసి పరిగెత్తాడు. వాకిలి దాటాడో లేదో.

ఒక్క బొంబీ పేలితే ఈ ఊళ్ళో తల ఎత్తి చూస్తారు, ఏ దిక్కున అని అడుగుతారు, పనిలో పడతారు. ఇది ఒక్కటి కాదు. గిన్నెలు గూళ్ళలోంచి పడ్డాయి. కోళ్ళు గుంజల మీద కట్టిన ఇళ్ళ కింద దూరాయి. ఎవరూ ఏ దిక్కున అని అడగలేదు.

వాగు దగ్గర నలుగురు కలిసి అతన్ని పట్టుకుని ఆపారు. ఆపకపోయినా చూడ్డానికి అక్కడ ఎక్కువేం లేదు. ఆమెని చుట్టడానికి పెద్ద చాప అక్కర్లేకపోయింది. అట్లా పోయినవాళ్ళని ఇంట్లోకి తేరు, మెట్ల దాకా కూడా రానివ్వరు. ఇంటిని పట్టుకుంటారని భయం. అలికిన గాదె, కడిగిన ఇల్లు ఉండగా, ఫైవాన్‌ని ఊరి వెనకనుంచి చుట్టు తిప్పి తీసుకెళ్ళి పొద్దుగూకకముందే అడవి అంచున పూడ్చేశారు. భిక్షువు కూడా తొందరగా నాలుగు ముక్కలు చదివి లేచాడు.

సొంచిత్ వచ్చి ఖామ్‌సోన్ కాళ్ళ మీద పడింది. "నా మూలానే మరిదీ. మొదటి వంతు నేను తీసుకోబట్టే. నీ పొలం నువ్వు చేయించుకునుంటే నా చెల్లెలు ఉండేది. నా వరి మండిపోను," అని నేల కొట్టుకుని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళూ ఏడ్చారు. ఖామ్‌సోన్ నోరు తెరిచి, "వదినా, ఆ గొయ్యి..." అన్నాడు.

ఊరిపెద్ద చటుక్కున అతని రెక్క పట్టుకుని, ఏదో ఓదారుస్తున్నట్టు పక్కకి తీసుకెళ్ళాడు.

"ఏం చెప్పబోతున్నావురా?"

"నేనే పెద్దాయనా. లోహం కోసం నేనే..."

"అది తెలీందెవరికి? నువ్వు వంతు ఎందుకు వదిలేస్తున్నావో ఊళ్ళో అందరికీ తెలుసు, నీ పెళ్ళానికి తప్ప. సొంచిత్ అంతలా ఎందుకేడుస్తోందనుకున్నావు?"

"తెలిసి ఒక్కరూ అనలేదే," అన్నాడు ఖామ్‌సోన్.

"ఎవరంటారు? నువ్వు వద్దన్న ప్రతిసారీ ఒక ఇంటికి పొలం వచ్చింది. నిన్ను దేవుడన్నాం, నువ్వూ అనిపించుకున్నావు. లెక్క సరిపోయింది."

"గొయ్యి తవ్వింది కూడా నేనే. వాటిని నేనే పేర్చి..."

"గొయ్యి సంగతి నాకు చెప్పకు. నేను వినలేదు," అన్నాడు ఊరిపెద్ద. "ఇంకా కింది వీధి మొత్తం మిగిలి ఉంది. నువ్వు నోరు విప్పావంటే కంపెనీవాళ్ళు సామాను సర్దుకుపోతారు. ఆ పొలాల్లో ఇంకెవరో పోతారు. నీ పెళ్ళాన్నెట్లాగూ తేలేవు. నోరు మూసుకుని ఏడువు."

ఖామ్‌సోన్ నోరు మూసుకుని ఏడ్చాడు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. తెల్లారేసరికి సిసావత్ దిగాడు. పాపం, వాడూ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, బూట్లకి మట్టి అంటినా చూసుకోలేదు. ముక్కు చీదుకున్నాక, "వాళ్ళు దార్లో ఉన్నారు మావా, వెనక్కి పంపలేం. పంపకూడదు కూడా. మీరు ఒప్పుకుంటే అత్తమ్మ పేరు మీద ఒక కడియం తీద్దాం. లోపలి వైపు పేరు చెక్కి. దాని మీద వచ్చిందంతా కింది వీధి పొలాలకే. ఒక్క ఏడాదిలో వీధి మొత్తం శుభ్రమైపోతుంది," అన్నాడు.

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఖామ్‌సోన్ "నా పొలానికి కర్రలు పడతాయి. ఇక లోహం ఉండదు బాబూ. నేను కడియాలు పొయ్యలేను," అన్నాడు. తప్పించుకోడానికి అతని దగ్గర మిగిలిన సాకు అదొక్కటే.

"లోహానికేముంది మావా, మేం పంపుతాం," అన్నాడు సిసావత్. "పక్క ఊళ్ళకి రెండేళ్ళుగా పంపుతున్నాంగా. వియెంటియాన్‌లో తాగి పారేసిన బీరు డబ్బాలు బోలెడు. కరిగాక ఏది ఏదో ఎవడికి తెలుస్తుంది?"

"ఈ ఊరి మట్టిలోదే కావాలన్నారు."

"అది చీటీ మీద రాసుకోడానికి. లోహం తగ్గిందన్న ఊరికల్లా పంపాం. మీరు ఒక్కసారి కూడా అడగలేదు మావా, మీ దగ్గర దండిగా ఉందనుకున్నాం."

ఖామ్‌సోన్ అతని మొహంలోకి చూశాడు. వేళాకోళమేమో అనుకున్నాడు. కాదు. కుర్రాడు తడి కళ్ళతో, మంచి చెయ్యాలనే ఆత్రంతో చూస్తున్నాడు. ఖామ్‌సోన్‌కి వాణ్ణి చంపాలనిపించింది, తరవాత తను చావాలనిపించింది, తరవాత ఏదీ అనిపించలేదు.

అతిథులు మధ్యాహ్నానికి వచ్చారు. వాగు ఇవతలే గొడుగుల కింద నిలబడ్డారు. అవతల ముఠావాళ్ళు గోతి చుట్టూ ఎర్ర తాడు కట్టారు. బొంబీలు అన్నీ ఒకేచోట ఎట్లా ఉన్నాయని ముఠా నాయకుడు ఊరిపెద్దని అడిగాడు. వానలకి కొట్టుకొచ్చి ఉంటాయన్నాడు ఊరిపెద్ద. నాయకుడు అతన్ని ఓ క్షణం చూసి, ఇంకేం అడగలేదు. సొంచిత్ లేచి, మరిది ఎంతటివాడో, తన పొలంలో వరి ఎట్లా పండుతోందో చెప్పింది. సిసావత్ ఆ మాటల్ని వాళ్ళ భాషలోకి మార్చి చెప్తుంటే వాళ్ళు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఊరంతా ఖామ్‌సోన్ వైపే చూస్తోంది.

తెల్ల జుట్టు ఉన్న ఒక పెద్దావిడ ముందుకొచ్చి, అతని రెండు చేతులూ పట్టుకుని ఏదో అడిగింది. ఆ మణికట్ల మీద ఫైవాన్ కట్టిన దారాలు మసి పట్టి ఉన్నాయి.

"ఇట్లా అవుతుందని ముందే తెలిసుంటే, అయినా మీ వంతు వదులుకునేవారా అని అడుగుతోంది," అన్నాడు సిసావత్.

ఖామ్‌సోన్ ఊరిపెద్ద వైపు చూడలేదు. "లేదు," అన్నాడు. "మొదటి ఏడే నా పొలం చేయించుకునేవాణ్ణి. ఎవరేమైపోతే నాకేం? నా పెళ్ళాం బతికుండేది. పొలంలో వరి పెట్టుకునేది. ఆ మాట చెప్పు ఆమెకి. ఉన్నదున్నట్టు చెప్పు."

సిసావత్ తల ఊపి, పెద్దావిడ వైపు తిరిగి నెమ్మదిగా, గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు. అతను ఖామ్‌సోన్ అన్నదానికన్నా ఎక్కువే చెప్పాడు. పెద్దావిడ ఖామ్‌సోన్ చేతుల మీద తల ఆన్చి భోరుమంది. వెనకవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు.

"ఏం చెప్పావు?" అన్నాడు ఖామ్‌సోన్.

"మళ్ళీ జన్మంటూ ఉంటే మళ్ళీ వదులుకుంటానన్నారని చెప్పాను మావా. మీరు దుఃఖంలో ఏదో అన్నారు. మీ మనసు నాకు తెలీదా?"

తట్టలో ఉన్న కడియాలు అక్కడికక్కడే అయిపోయాయి. ఫైవాన్ వాగు దాటుతుండగా పోసినవి కూడా వాటిలోనే ఉన్నాయి. అందనివాళ్ళు ఆమె పేరున్నదే కావాలని, అది అయ్యేదాకా పట్నంలో ఆగుతామని అన్నారు. సిసావత్ జీపు వెనక తలుపు తీసి, నలగ్గొట్టిన బీరు డబ్బాల గోనెసంచులు రెండు దింపించి ఇంటికి చేరవేయించాడు. సాయంత్రం లోపల ఎన్నవుతాయి మావా, అని అడిగాడు.

ఖామ్‌సోన్ సంచి మూతి విప్పి చూశాడు. "రాత్రి మంచుకి అచ్చులు తడిశాయి," అన్నాడు. "ముందు వాటిని ఆరబెట్టాలి."

తరవాత కూర్చుని పొయ్యి రాజేశాడు.